ఆసియా మీద పరిశోధన రొయ్యల గుంట దగ్గర మొదలుపెట్టడం ఎలా

పీజీ అయ్యాక ఆసియా దేశాల రాజకీయాల మీదో ఆర్థికం మీదో పరిశోధన చేద్దామనుకునే మన నెల్లూరు, ఒంగోలు పిల్లల్లో చాలామంది "చైనా ఎలా ఎదిగింది" లాంటి ప్రశ్న పట్టుకుంటారు. నేనూ అదే పట్టుకుని ఆర్నెల్లు చదివాను, ఒక్క పేజీ కూడా రాయలేకపోయాను. చిన్న ప్రశ్న తీసుకోండి, అదీ మీ ఊళ్లో కళ్లారా చూసినదై ఉండాలి.

విడవలూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు మీ వాళ్లెవరైనా వెనామీ రకం రొయ్య వేస్తుంటే సగం పని అయినట్టే. మన రొయ్య అమెరికాకు పోతుంది, వియత్నాం రొయ్య కూడా అక్కడికే పోతుంది. 2005లో అమెరికా, మరీ చవగ్గా తెచ్చి అమ్ముతున్నారంటూ యాంటీ డంపింగ్ సుంకం వేసినప్పుడు ఇండియా, వియత్నాం, థాయ్‌లాండ్, చైనా అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. సరుకు ఒకటే, కొనేవాడూ ఒకడే, పాలించే తీరు మాత్రం దేశానికొకటి. అందుకే పోల్చడానికి ఇది చాలా మంచి చోటు.

ఇక ప్రశ్న. పొలాన్ని గుంట చేసుకోవచ్చా లేదా అని ఎవరు తేలుస్తారు? వియత్నాంలో 1986 సంస్కరణల తర్వాత కూడా భూమి ప్రజలందరిదే, రైతుకు వాడుకునే హక్కు మాత్రమే ఉంది. 2000లో అక్కడి ప్రభుత్వం ఒక్క తీర్మానంతో, దిగుబడి రాని ఉప్పు నేలల వరి పొలాల్ని రొయ్యలకు మార్చుకోనిచ్చింది, మెకాంగ్ డెల్టాలో కమావ్ లాంటి ప్రాంతాల రూపమే మారిపోయింది. మన దగ్గర కథ అటునుంచి ఇటు నడిచింది: ముందు గుంటలు తవ్వేశారు, అప్పట్లో పెంచిన టైగర్ రొయ్యకు వైట్‌స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చింది, 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధి (సీఆర్‌జెడ్) లోని గుంటలు తీసేయమంది, 2005లో పార్లమెంటు చట్టం చేసి రిజిస్ట్రేషన్ పెట్టింది, 2009లో వెనామీకి అనుమతి వచ్చింది. అక్కడ కమ్యూనిస్టు పార్టీ ప్రభుత్వమే తేల్చింది, ఇక్కడ రైతు, కోర్టు, పార్లమెంటు ఏళ్ల తరబడి లాక్కున్నారు. రాజకీయాభివృద్ధి అంటే ఏంటో నాకు ఇక్కడే అర్థమైంది.

సిద్ధాంతం కోసం మొదట్లో ఒక్క వాదన చాలు. తూర్పు ఆసియా ఎదుగుదలలో మార్కెట్‌కు పెద్ద పాత్ర ఇస్తూ 1993లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఇచ్చింది, కొరియా, తైవాన్‌లను చూపిస్తూ ప్రభుత్వమే దారి చూపిందని ఆలిస్ ఆమ్స్‌డెన్, రాబర్ట్ వేడ్ అనే పరిశోధకులు వాదించారు. ఈ రెండు వైపులూ చదివాక మీ గుంట ఏ వైపు సాక్ష్యం చెబుతుందో చూడండి. మన యూనివర్సిటీల థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

లెక్కల దగ్గర జాగ్రత్త. ఎంపెడా (మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ఎగుమతుల లెక్క ఏప్రిల్ నుంచి మార్చికి, ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఉత్పత్తి లెక్క జనవరి నుంచి డిసెంబర్‌కు. రెండూ పక్కపక్కన పెట్టేస్తే లేని పెరుగుదల కనిపిస్తుంది. రూపాయల్లో పెరిగిన ఎగుమతి టన్నుల్లో, డాలర్లలో కూడా పెరిగిందో లేదో ప్రతిసారీ చూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ మనుషులకివ్వండి. రొయ్యలు పట్టే పట్టుబడి రోజు వెళ్లకండి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంతొస్తుందో, ట్రేడర్ రేటు ఎంతంటాడో అని వాళ్లు టెన్షన్‌లో ఉంటారు. "ప్రభుత్వ విధానం మీద మీ అభిప్రాయమేంటి" అంటే ఎవరూ మనసు విప్పరు. "బాబాయ్, మొదటి గుంట ఏ ఏడు తవ్వించావు, డబ్బు ఎవరిచ్చారు, మేత అప్పుకు వడ్డీ ఎంత" అని అడగండి, గంటసేపు చెబుతాడు. గుంట ఆసామి, లీజుదారు, రాత్రిపూట ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) చూసుకునే కూలీ, ముగ్గురినీ విడివిడిగా కలవండి, ముగ్గురి మాటా ఒకటి కాదు. బోరు నీళ్లు ఉప్పగా మారాయనే పక్క వరి రైతును మాత్రం వదిలేయొద్దు, నేను మొదటిసారి వదిలేసి మొత్తం అధ్యాయం తిరిగి రాయాల్సి వచ్చింది.

రాసిన ముసాయిదా గైడ్‌కు పంపే ముందు ఆ బాబాయికే తెలుగులో చదివి వినిపించండి, ఎక్కడ "అట్ట కాదబ్బాయా" అంటాడో అక్కడ గీత పెట్టుకోండి.