ట్రక్కు క్యాంపర్ అసలు బరువు ఇలా తేల్చుకున్నాను

క్యాంపర్ అంటే పికప్ ట్రక్కు వెనక తొట్టిలో ఎక్కించుకునే, ప్రయాణాల్లో ఉండడానికి వాడే చిన్న ఇల్లులాంటి గది. దానికి అమ్మేవాళ్లు చెప్పే 'డ్రై వెయిట్'ని, అంటే ఖాళీ బరువుని, నేను నమ్మను. అందులో నీళ్లుండవు, గ్యాసుండదు, చాలాసార్లు ఏసీ, బ్యాటరీల లాంటి అదనపు సరంజామా కూడా ఉండదు. లీటరు నీళ్లంటే కిలో కదా, 150 లీటర్ల ట్యాంకు నిండితే ఇద్దరు మనుషులు అదనంగా ఎక్కినట్టే.

అందుకే ట్రక్ స్టాపులో ఉండే క్యాట్ స్కేల్ అనే, లారీలని తూచే పెద్ద కాటా మీదికి వెళ్లాను. అది ముందు, వెనక ఇరుసుల బరువు విడివిడిగా చూపిస్తుంది. ముందు క్యాంపర్ దించేసి, డీజిల్ నిండుగా పోయించి ఒట్టి ట్రక్కుని తూచాను. తర్వాత క్యాంపర్ ఎక్కించి, నీళ్లు, గ్యాసు, గిన్నెలు, దుప్పట్లతో సహా తూచాను. రెండుసార్లూ డీజిల్ మట్టం, లోపలి మనుషులు ఒకటే ఉండాలి, లేదంటే లెక్క చెడుతుంది. ఆ తేడాయే క్యాంపర్ బరువు.

నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం వెనక ఇరుసు అంకె. డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో ఒక్కో ఇరుసుకీ హద్దు ఉంటుంది. మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా వెనకది దాటింది. క్యాంపర్ భారం చాలావరకు పడేది అక్కడే మరి. వెనక స్ప్రింగులకి దన్నుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయించమన్నారు కొందరు కానీ, అవి కుంగిన వెనకభాగాన్ని లేపుతాయే తప్ప ఇరుసు హద్దుని పెంచవు. నీళ్లు సగానికి తగ్గించి, వెనక అరలోని పనిముట్లని ముందుకు మార్చి తూస్తే సరిపోయింది.