అమెరికాలో ఊరి ఫైర్ స్టేషన్‌లో వాలంటీరుగా చేరే ముందు జాగ్రత్తలు

- గాయపడ్డవారి రక్తం తగలొచ్చు కాబట్టి హెపటైటిస్-బి (రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు) టీకా ఇప్పుడే మొదలుపెట్టండి; మామూలు మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది.
- సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) శిక్షణ కార్డు గడువు సాధారణంగా రెండేళ్లు. చూసుకోండి.
- మంటల్లోకి వెళ్లే పనైతే గడ్డం ఉండకూడదు. మాస్కు ముఖానికి అతుక్కోకపోతే పొగ లోపలికి వస్తుంది.
- మంటల నుంచి కాపాడే కోటు లోపల నూలు బట్టలే వేసుకోండి. పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.
- మసి పట్టిన కోటు, గ్లవ్స్ కారులో ఇంటికి తేవద్దు, స్టేషన్‌లోనే శుభ్రం చేయించండి. అగ్నిమాపక వృత్తిని 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో (క్యాన్సర్ తెస్తాయని రుజువైనవి) చేర్చింది. మసి కోటుతో సెల్ఫీ సరదా ఉన్నవారు ఇది రెండుసార్లు చదవండి.
- వైద్య సాయానికి వెళ్లినప్పుడు తెలిసిన రోగి వివరాలు వాట్సాప్‌లోనే కాదు, ఇంట్లోనూ చెప్పకూడదు.
- వీసా మీద ఉన్నవారు ఏ భత్యమైనా తీసుకునే ముందు న్యాయవాదిని అడగండి.