ఓటరు జాబితాలో నా పేరు పోకుండా ఎలా ఆపుకున్నానంటే

మేం టెక్సాస్‌లో ఉంటాం. 2023లో పౌరసత్వ ప్రమాణం చేసి, ఆ నెలలోనే ఓటరుగా నమోదయ్యాను. మొన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: మీరు పౌరులేనా అని అనుమానం ఉంది, 30 రోజుల్లో రుజువు ఇవ్వకపోతే పేరు తీసేస్తాం అని. పిజ్జా కూపన్ల మధ్య ఉంది, కొంచెంలో చెత్తబుట్టలోకి పోయేది. చదువుతుంటే చేతులు వణికాయి.

కారణం తర్వాత తెలిసింది. గ్రీన్ కార్డు రోజుల్లో తీసుకున్న డ్రైవింగ్ లైసెన్సు రికార్డులో నేనింకా పౌరుల లెక్కలో లేను. 2019లో ఇక్కడ ఇలాంటి పాత వివరాలతోనే దాదాపు 95 వేల మందిని అనుమానితులుగా చూపారు. వాళ్లలో చాలామంది పౌరసత్వం వచ్చినవాళ్లేనని తేలి, కోర్టు కేసులు పడ్డాక ఆపేశారు.

పౌరసత్వ పత్రం అసలుది పోస్టులో పంపొద్దు. పోతే మళ్లీ తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. నేను పాస్‌పోర్టు ఫోటో పేజీ జిరాక్స్ తీసి, ఉత్తరంతో పాటు వచ్చిన ఫారం నింపి, స్వయంగా వెళ్లి ఇచ్చాను. అందినట్టు ముద్ర వేయించుకున్నాను. వారం తర్వాత ఆన్‌లైన్‌లో చూస్తే నా పేరు అలాగే ఉంది. అప్పుడు గానీ టెన్షన్ తగ్గలేదు.

తర్వాత సోషల్ సెక్యూరిటీ ఆఫీసులోనూ, లైసెన్సు ఆఫీసులోనూ వివరాలు మార్పించాను. గడువు దాటి పేరు పోయినా, రుజువు చూపిస్తే తిరిగి చేరుస్తారు. ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్ల పేరున వచ్చే కవర్లు మీరే విప్పి చూడండి.