జీతం జప్తు బాకీని ముందే కట్టి కోత ఆపించుకోవడం ఎలా

చిట్టీకి షూరిటీ సంతకం పెట్టారు. పాట పాడుకున్నవాడు ఆ తర్వాత వాయిదాలు ఎగ్గొట్టాడు. బాకీ కట్టమని కోర్టు డిక్రీ అయింది, దాన్ని అమలు చేయించే పిటిషన్ (ఈపీ) పడింది, ఇప్పుడు నెలనెలా మీ జీతం కోసి కోర్టుకు పంపుతున్నారు. చేతిలో కాస్త డబ్బు ఆడినప్పుడు మొత్తం కట్టేసి బయటపడాలనుకోవడం సహజమే. కానీ డబ్బు కట్టడం ఒక పని, ఆ కట్టినది కోర్టు రికార్డుకెక్కడం ఇంకో పని. చాలామంది దెబ్బతినేది రెండోదాని దగ్గరే.

ముందు కోత సరిగ్గా ఉందో లేదో చూడండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం నెల జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. జీతం 46,000 అయితే 1,000 తీసేస్తే 45,000, అందులో మూడో వంతు 15,000. అంతకంటే ఎక్కువ కోస్తుంటే కోర్టులో అభ్యంతరం చెప్పొచ్చు. భరణం డిక్రీల లెక్క వేరు, అక్కడ మూడో వంతు జీతానికే రక్షణ.

ఎన్ని నెలలుగా కోస్తున్నారో కూడా లెక్కపెట్టండి. భరణం కాని ఒకే డిక్రీ కింద జీతం మొత్తం 24 నెలలు జప్తులో ఉంటే, ఆ డిక్రీకి ఇక జీతం దొరకదు. 22వ నెలలో ఉన్నవాళ్లు ఇది తెలియకుండా అప్పు తెచ్చి కట్టడం బాధాకరం. అయితే బాకీ మాత్రం పోదు. వడ్డీ నడుస్తూనే ఉంటుంది, డిక్రీని 12 ఏళ్ల దాకా అమలు చేయించవచ్చు, ఇల్లూ స్థలమూ జప్తుకు రావచ్చు. ఇంకో మాట: డిక్రీ వడ్డీ ఏడాదికి 6 శాతమే ఉన్నప్పుడు, నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి కట్టకండి. అది ఏడాదికి 24 శాతం.

కాగితాలు తెచ్చుకోవడం తర్వాతి పని. మీ హెచ్ఆర్ దగ్గర, ప్రభుత్వ ఉద్యోగులైతే జీతం బిల్లు చేసే అధికారి (డీడీవో) దగ్గర, జప్తు ఆర్డర్ కాపీ ఉంటుంది. దానిపై ఈపీ నంబరు, కోర్టు పేరు చూడండి. హైదరాబాద్‌లోనైతే పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టా, సికింద్రాబాదా, ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి కోర్టా తేలితే తిరుగుడు తగ్గుతుంది. ఈకోర్ట్స్ యాప్‌లో తర్వాతి వాయిదా తేదీ కనిపిస్తుంది. డిక్రీ, ఈపీ కాపీలకు కాపీ అప్లికేషన్ పెట్టండి. ఇప్పటిదాకా కోసిన ప్రతి నెల పేస్లిప్పు, ఆఫీసు కోర్టుకు పంపిన రుజువు పక్కపక్కన పెట్టి చూడండి. జీతంలో కోసి కోర్టుకు పంపడం ఆలస్యం చేసిన నెలలు ఇక్కడే బయటపడతాయి.

లెక్క ఇలా ఉంటుంది. అసలు 3,00,000, జప్తు మొదలయ్యేనాటికి పేరుకున్న వడ్డీ 18,000, కోర్టు ఖర్చులు 14,000, వడ్డీ 6 శాతం. నెలకు 15,000 చొప్పున ఎనిమిది నెలల్లో 1,20,000 పోయింది. ఇంకా 1,80,000 కడితే చాలనుకుంటారు. కానీ డిక్రీలో వేరేగా లేకపోతే, కట్టినది మామూలుగా ముందు వడ్డీకీ ఖర్చులకూ పోయి, ఆ తర్వాతే అసలుకు చేరుతుంది. మొదటి రెండు నెలల కోత మొత్తం అక్కడే ఆగిపోతుంది. ఎనిమిదో నెల చివరికి మిగిలేది దాదాపు 2,23,100. అందుకే డిక్రీదారు, అంటే డిక్రీ పొందిన చిట్టీ కంపెనీ, వకీలు దగ్గర కట్టబోయే తేదీకి వేసిన లెక్క కాగితం మీద తీసుకోండి. ఒకే డిక్రీలో ముగ్గురు షూరిటీల జీతాలు కోస్తుంటే మిగతా ఇద్దరి కోతలు కూడా అందులో తగ్గాయో లేదో అడగండి. ముగ్గురి దగ్గరా కలిపి బాకీకి మించి వసూలైపోయే ప్రమాదం ఇక్కడే ఉంది.

కట్టడానికి రెండు దారులు. మొదటిది కోర్టులో జమ: మీ వకీలు లాడ్జిమెంట్ షెడ్యూల్ (జమ చేసే సొమ్ము వివరాల కాగితం) వేసి చలాన్ మీద కట్టిస్తారు. కట్టిన సంగతి డిక్రీదారుకు నోటీసు ద్వారా తెలపాలి, ఆ నోటీసు అందిన రోజు నుంచే వడ్డీ ఆగుతుంది. రెండోది నేరుగా డిక్రీదారుకు చెల్లించడం. చిట్టీ కంపెనీ కొంత తగ్గించి సెటిల్ చేస్తానంటే ఇదే మంచిది, లోక్ అదాలత్‌లోనైతే ఇంకా గట్టిది. కానీ బ్యాంకు ద్వారానే కట్టండి. రికవరీ ఏజెంటు చేతికి నగదు ఇవ్వొద్దు. నేరుగా కట్టినప్పుడు డిక్రీదారు కోర్టులో బాకీ పూర్తిగా ముట్టిందని చెప్పే ఫుల్ శాటిస్‌ఫాక్షన్ మెమో వేయాలి. రేపు మాపు అంటూ సాగదీస్తే, కట్టిన 30 రోజుల్లోపు మీరే పిటిషన్ వేయాలి. గడువు దాటితే, రికార్డుకెక్కని చెల్లింపును అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదు. రశీదు చేతిలో ఉన్నా కోత సాగుతూనే ఉంటుంది.

మెమో రికార్డయ్యాక ఈపీ మూసేసి జప్తు ఎత్తేస్తూ కోర్టు ఆర్డర్ ఇస్తుంది. కోర్టు మాట లేకుండా మీ ఆఫీసు కోత ఆపదు, ఆపకూడదు కూడా. తప్పుగా మొత్తం జీతం ఇచ్చేస్తే ఆ భారం ఆఫీసు మీదే పడుతుంది. ఆర్డర్ పోస్టులో వస్తుందని ఎదురుచూడకుండా సర్టిఫైడ్ కాపీ తీసుకుని, జీతం బిల్లు తయారయ్యే లోపు ఇన్వర్డ్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఒక్క రోజు ఆలస్యమైనా ఇంకో నెల కోత పడొచ్చు. అలా ఎక్కువ పోయిన డబ్బు కోర్టు ఖాతాలో ఉంటే, తిరిగి ఇప్పించమని పిటిషన్ వేసి తీసుకోవచ్చు.

చిట్టీ కంపెనీ నుంచి నో డ్యూ సర్టిఫికెట్, మీరు కట్టిన ప్రతి రూపాయికీ రుజువు దాచండి. షూరిటీగా కట్టింది అసలు బాకీదారు దగ్గర రాబట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ కింద మీకుంది. తోటి షూరిటీలు ఏమీ కట్టకపోతే వాళ్ల వాటా 146వ సెక్షన్ కింద అడగొచ్చు. లీగల్ నోటీసు పంపేటప్పుడు మీ వకీలు ముందు అడిగేది ఆ కాగితాలే.