పడవ మీదకు కాపురం మార్చే ముందు: చెన్నై నుంచి బయల్దేరేవాళ్లకు జాగ్రత్తలు

తెరచాప పడవ కొనుక్కుని, ఇల్లు ఖాళీ చేసి, పిల్లలతో సహా ఏడాదో రెండేళ్లో సముద్రం మీద గడుపుదామనుకునే కుటుంబాల తయారీ దాదాపు అంతటా ఒకే తీరులో సాగుతుంది. ఆ పిచ్చి మొదట ఒకరికే పడుతుంది, ఎక్కువగా నాన్నకి. ఆయన కోర్సులు చేస్తాడు, యూట్యూబ్ చూస్తాడు, ఆదివారమంతా ఇంజిన్ విప్పి కూర్చుంటాడు. అమ్మ సామాన్లు, చదువులు, మందుల సంగతి చూస్తుంది. పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఇంట్లో అయితే ఇలా పనులు పంచుకోవడం బాగానే ఉంటుంది. పడవలో అది ప్రమాదం. అందుకే కింద చెప్పే ప్రతి జాగ్రత్తనూ ఒకే ప్రశ్నతో పరీక్షించుకోమంటాను: అన్నీ తెలిసిన ఆ ఒక్క మనిషే పడిపోతే, మిగిలినవాళ్లు పడవను ఒడ్డుకు చేర్చగలరా?

తెలిసినవాళ్లు పడిపోరని అనుకోవద్దు. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చిన తొలి భారతీయుడు అభిలాష్ టామీ. 2018లో, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో, హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫానులో ఆయన పడవ తెరచాప కొయ్యలు విరిగాయి, వెన్నెముక దెబ్బతింది, పడుకున్న చోటి నుంచి లేవలేకపోయాడు. సెప్టెంబరు 24న ఒసిరిస్ అనే ఫ్రెంచి ఓడ వచ్చి రక్షించింది. అంతటి నావికుడికే తప్పలేదు, మనమెంత?

బయల్దేరే నెల

బంగాళాఖాతంలో తుఫానులకు ఏటా రెండు కాలాలు. ఒకటి ఏప్రిల్, మే నెలల్లో, రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చెన్నైకి రెండోదే ఎక్కువ గండం. 2016 డిసెంబరు 12న వార్దా తుఫాను నేరుగా నగరం మీదికే వచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ చెన్నైని ముంచేసి, బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ మూడు నెలల్లో పడవ మీదకు మారే ఆలోచనే వద్దు. అప్పటికే పడవ హార్బర్‌లో ఉంటే తెరచాపలు విప్పి కింద పెట్టండి, తాళ్లు రెట్టింపు చేయండి, తాడు రాసుకునే ప్రతి చోటా పాత హోస్ పైపు తొడగండి. హెచ్చరిక వచ్చిన రాత్రి మాత్రం కుటుంబమంతా ఒడ్డున, ఇంట్లో పడుకోవాలి. పడవను కాపాడటానికి ఒకరు ఉండిపోతానంటే ఒప్పుకోవద్దు. ఇన్సూరెన్స్ ఉందనుకుంటే, పాలసీలో తుఫాను షరతులు ముందే చదవండి.

జనవరి చివరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో సముద్రం కాస్త మాట వింటుంది. అప్పుడు కూడా ప్రవాహం ఎటు ఉందో చూసుకోవాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో తీరం వెంట నీళ్లు దక్షిణానికి పారతాయి, ఫిబ్రవరికల్లా ఉత్తరానికి తిరుగుతాయి. మార్చిలో విశాఖ వెళ్లేవాళ్లకు అది సాయం, పుదుచ్చేరి వెళ్లేవాళ్లకు అడ్డం.

ముహూర్తం సంగతి కూడా చెప్పాలి. పడవకు పూజ ఏ రోజైనా పెట్టుకోండి, కొబ్బరికాయ కొట్టండి, బంధువులందరినీ పిలవండి. బయల్దేరే తేదీ మాత్రం ఎవరికీ చెప్పకండి. విజయవాడ నుంచి అత్తయ్యవాళ్లు టికెట్లు కొనుక్కుని వచ్చేశారన్న మొహమాటంతో గాలి బాగాలేని రోజున లంగరు ఎత్తితే, ఆ తప్పు సముద్రానిది కాదు.

వాతావరణ శాఖ బులెటిన్లతో పాటు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సమాచారం రోజూ చూడటం ఇంట్లో ఇద్దరికి అలవాటు కావాలి. ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఆకు కదలకపోయినా, ఎక్కడో దక్షిణ సముద్రంలో పుట్టిన పెద్ద అలలు రోజుల తర్వాత మన తీరానికి రావచ్చు. ఇక రేవుల్లో ఎగరేసే ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక. టీవీలో ఆ మాట వినీ వినీ మనకు అలవాటైపోయింది. పడవలో కాపురం ఉండేవాళ్లకు ఒకటో నంబరంటే ఇక బయటికి వెళ్లడం లేదని అర్థం. ఆఖరిదైన పదకొండో నంబరు దాకా ఎదురుచూడక్కర్లేదు.

ఇద్దరికీ రావాలి

1911లో పుట్టిన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్, తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ రెండూ చెన్నై హార్బర్‌లోనే ఉన్నాయి. అమ్మానాన్నలిద్దరూ, ఈత వచ్చిన పిల్లలూ ముందు డింగీ, అంటే ఒకరిద్దరు ఎక్కే చిన్న తెరచాప పడవ మీద నేర్చుకోవాలి. పెద్ద పడవ మన తప్పుల్ని కాసేపు దాచిపెడుతుంది. డింగీలో తప్పు చేస్తే వెంటనే నీళ్లలో ఉంటాం.

2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచయాత్రకు బయల్దేరిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. మరుసటి ఏడాది మే నెలలో తిరిగొచ్చారు. బయల్దేరేముందు మ్హాదేయి అనే పడవ మీద మారిషస్ దాకా వెళ్లి వచ్చి చేయి తిరిగేలా సాధన చేశారు. అంత శిక్షణ మనకు కుదరదు. కానీ నెలకో రోజు ఈ పని చేయొచ్చు: తెలిసిన మనిషి కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపే చోట, నోరు మూసుకుని కూర్చోవాలి. రెండో మనిషి ఇంజిన్ స్టార్ట్ చేసి, తెరచాప దించి, పడవను తిప్పుకొచ్చి లంగరు వేయాలి. నోరు మూసుకోవడమే అన్నిటికంటే కష్టమని చేసినవాళ్లంటారు.

తెరచాప కుదించడం, అంటే రీఫ్ చేయడం, ఈ రెండో మనిషికి చీకట్లో కూడా రావాలి. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపు నాలుగింతలవుతుంది. పది నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలిలో హాయిగా ఉన్న పడవ ఇరవైలో వేరే పడవ. కాబట్టి ‘కుదిద్దామా’ అన్న అనుమానం ఎవరికి వచ్చినా, పదేళ్ల పిల్లకి వచ్చినా, వెంటనే కుదించేయాలి. దాని మీద చర్చ పెట్టకండి.

మనిషి నీళ్లలో పడటం గురించి లెక్క వేసి చూడండి. ఐదు నాట్ల వేగమంటే సెకనుకు రెండున్నర మీటర్లు. ఒక్క నిమిషం తేరుకోలేకపోతే మనిషి నూట యాభై మీటర్ల వెనక ఉంటాడు. మీటరు ఎత్తు అలల్లో అంత దూరాన ఉన్న తల కనబడదు. పైగా ముందు డెక్ మీదికి వెళ్లేది అందరికంటే గట్టి మనిషే కాబట్టి, పడే అవకాశం కూడా ఆయనకే ఎక్కువ. అందుకని కాక్‌పిట్ నుంచి ముందు దాకా డెక్ మీద గట్టి పట్టీ కట్టుకుని, దానికి హార్నెస్ (ఒంటికి కట్టుకునే బెల్టు) కొక్కెం తగిలించుకున్నాకే కదలాలి. రాత్రి, ఒంటరి కాపలాలో, గాలి పెరిగినప్పుడు దీనికి మినహాయింపు లేదు. అయినా పడితే ఒకరు కేక వేసి వేలు అతని వైపే చూపిస్తూ ఉండాలి, కన్ను తిప్పకూడదు. ఇంకొకరు తేలే రింగు విసిరి, జీపీఎస్‌లో ఆ చోటు గుర్తుపెట్టే బటన్ నొక్కి, పడవ తిప్పాలి. దగ్గరికి చేరాక ఇంకో కష్టం ఉంది: తడిసిన ఎనభై కిలోల మనిషిని అమ్మ ఒక్కతే పైకి లాగలేదు. తెరచాప ఎత్తే తాడును ఆయన హార్నెస్‌కు తగిలించి వించ్‌తో (తాడు చుట్టి లాగే చేతి యంత్రం) తిప్పితే ఎత్తగలదు. ఇది ఒడ్డున చదివితే రాదు. నీళ్లు నింపిన డబ్బాలతో చేసి చూడాలి.

సహాయం పిలవడం

వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ ఆపద పిలుపుకు. మూత కింద ఎర్ర బటన్ ఉన్న సెట్ అయితే, దాన్ని నొక్కి పట్టుకుంటే పడవ వివరాలు, జీపీఎస్ కలిపి ఉంటే ఉన్న చోటు కూడా దానంతటదే వెళ్తాయి. ఇది ఇంట్లో చిన్నవాడికి కూడా రావాలి. ఏం మాట్లాడాలో ఒక అట్ట మీద రాసి రేడియో పక్కన అతికించండి: మూడుసార్లు మేడే, పడవ పేరు, ఎక్కడున్నాం, ఏమైంది, ఎంతమందిమి. చెన్నైలో పెరిగిన మన పిల్లల్లో చాలామంది తెలుగు కూడబలుక్కుని చదువుతారు. వాళ్లు ఏ లిపి గబగబా చదువుతారో అందులోనే రాయండి, భాషాభిమానానికి వేరే సందర్భాలున్నాయి.

సెల్‌ఫోన్ సిగ్నల్ ఉన్నంతవరకు కోస్ట్ గార్డ్ నంబరు 1554. అది దాటాక ఈపర్బ్ ఉండాలి. 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే పరికరం అది. మన దేశంలో ఆ సంకేతాలు అందుకునే కేంద్రం బెంగళూరులో, ఇస్రో దగ్గర ఉంది. పరికరాన్ని అక్కడ రిజిస్టర్ చేసి, ఒడ్డున ఉండే ఇద్దరి ఫోన్ నంబర్లు ఇవ్వండి. బ్యాటరీ గడువు తేదీ పెన్నుతో పెద్దగా రాసి పెట్టండి. శాటిలైట్ ఫోన్ మాత్రం తొందరపడి విదేశం నుంచి తెప్పించకండి. ముందస్తు అనుమతి లేకుండా థురాయా, ఇరిడియం ఫోన్లు మన దేశంలో దగ్గర పెట్టుకోవడమే నేరం, విమానాశ్రయాల్లో అరెస్టయినవాళ్లున్నారు.

గ్యాస్, వంట

తుఫాను గురించి అందరూ భయపడతారు, గ్యాస్ గురించి ఎవరూ పడరు. నాకైతే గ్యాసే ఎక్కువ భయం. ఎల్పీజీ గాలి కంటే బరువు. ఇంట్లో లీకైతే తలుపు సందుల్లోంచైనా కొంత పోతుంది. పడవ అడుగు అన్ని వైపులా మూసిన గిన్నె, అందులోకి దిగిన గ్యాస్ అక్కడే కూర్చుంటుంది, పంపు స్విచ్ వేసిన నిప్పురవ్వ చాలు. సిలిండర్‌ను కింద రంధ్రం ఉండి అది నేరుగా పడవ బయటికి తెరుచుకునే అరలోనే పెట్టాలి. గ్యాస్ పసిగట్టే అలారం పడవలో అన్నిటికంటే కింది చోట ఉండాలి, స్టవ్ పక్కన పెట్టి లాభం లేదు. వంటయ్యాక సిలిండర్ దగ్గర కట్టేయాలి, పైపులో మిగిలింది మండి ఆరిపోయాక స్టవ్ నాబ్ తిప్పాలి. ఆ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. జనరేటర్ గానీ ఇంజిన్ గానీ నడుస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా తప్పనిసరి, ఎందుకంటే దానికి వాసన ఉండదు.

ప్రయాణంలో మరిగే నూనె వద్దే వద్దు. బజ్జీలు, పూరీలు లంగరు వేసిన రోజున తినండి. మూత బిగించే కుక్కర్ మాత్రం పడవకోసమే పుట్టినట్టుంటుంది, ఒరిగినా ఒలకదు. ఫ్రిజ్ పాడైతే ఏం తింటామన్న బెంగ మనకు తక్కువ: కందిపొడి, ఆవకాయ, చింతపండు, అటుకులు, వడియాలు చాలినన్ని రోజులు నిలుస్తాయి. అట్టపెట్టెలు మాత్రం ఒడ్డునే వదిలేయండి, బొద్దింక గుడ్లు వాటి మడతల్లోనే వస్తాయి. తాగే నీళ్లు మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు, అదీ ఒకే ట్యాంకులో కాకుండా, కొంత విడిగా డబ్బాల్లో.

అడుగున నీళ్లు

టాయిలెట్‌కి, సింక్‌కి, ఇంజిన్‌కి పడవ అడుగున రంధ్రాలుంటాయి. ఒక్కోదానికీ ఒక వాల్వ్. అంగుళంన్నర పైపు ఊడితే నిమిషానికి వంద లీటర్లకు పైగా నీళ్లు లోపలికొస్తాయి. ప్రతి వాల్వ్ పక్కనా దానికి సరిపోయే చెక్క బిరడా దారంతో కట్టి ఉంచండి. పడవ పటం గీసి, వాల్వులన్నీ గుర్తుపెట్టి, గోడకు అంటించండి. నెలకోసారి పిల్లల చేత అన్నీ మూయించి తెరిపించండి. వాళ్లకది ఆట, మీకు పరీక్ష. బిగుసుకుపోయినది ఏదో అప్పుడే తెలుస్తుంది.

పిల్లలు, మందులు

పిల్లల లైఫ్ జాకెట్ వాళ్ల బరువుకు సరిపోయేదై, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నదై ఉండాలి. లేకపోతే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారతాడు. ఈత వచ్చినా సరే, క్యాబిన్ దాటితే జాకెట్ ఉండాల్సిందే. పడవ చుట్టూ కంచె తాళ్లకు వల కట్టండి. సముద్రంలో ఇన్ని నియమాలు పాటించినవాళ్లే హార్బర్‌లో ఒడ్డుకు వెళ్లే చిన్న బోటులో జాకెట్లు తీసేస్తారు. మోటారు ఆపే తాడు నడిపేవాళ్ల మణికట్టుకు ఉండాలి. చదువుకు ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) ఉంది, మూడో తరగతి స్థాయి నుంచి పన్నెండు దాకా.

ఓకరింతల మందు డాక్టర్‌ని అడిగి, ముందు ఒడ్డున వేసుకుని చూడండి, కొందరిని రోజంతా నిద్రపుచ్చుతుంది. కాపలా కాయాల్సినవాళ్లకు అది తెలియాలి. పళ్లు చూపించుకోవడం బయల్దేరే ముందే అయిపోవాలి.

మొదటి ప్రయాణం

ముందు హార్బర్‌లోనే కొన్ని వారాలు పడవలో ఉండండి. తర్వాత పుదుచ్చేరి. సుమారు 75 నాటికల్ మైళ్లు, ఐదు నాట్లతో పదిహేను గంటలు, అంటే ఎలాగూ కొంత చీకట్లో పడుతుంది. చెన్నై బయట లంగరేసిన పెద్ద ఓడలు, దీపం లేని ఫైబర్ బోట్లు, తేలుతున్న వలలు ఉంటాయి. వల తగిలిందనిపిస్తే వెంటనే ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధంలో పెద్ద వలలు తగ్గుతాయి, కానీ చిన్న పడవలు తిరుగుతూనే ఉంటాయి. ఉత్తరాన పులికాట్ దగ్గర ఇసుక మేటలున్నాయి, దూరంగా వెళ్లండి.

అండమాన్ మోజు వెంటనే పెట్టుకోకండి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) దాదాపు 1,360 కిలోమీటర్లు. ఐదు నాట్లతో ఆరు రోజులు దాటుతుంది, మధ్యలో ఆగే చోటు లేదు. ఆరు రాత్రులు ఇద్దరు వంతులవారీగా మేలుకుని, ఒకరికి జ్వరం వచ్చినా రెండోవాళ్లు నడపగలిగితేనే అది మీ ప్రయాణం.

చివరిగా, ఒడ్డున ఒక మనిషి. పడవ ఫోటో, రంగు, ఎక్కినవాళ్ల పేర్లు, ఈపర్బ్ నంబరు, దారి, చేరాల్సిన సమయం, ఎన్ని గంటలు ఆలస్యమైతే 1554కి ఫోన్ చేయాలో, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితం అమ్మమ్మకు ఇస్తే గంటకే చేసేస్తుంది. లెక్కగా ఉండే బాబాయి ఎవరైనా ఉంటే ఆయనకు ఇవ్వండి. మీరు చేరిన సంగతి ఆయనకు తెలియకపోతే కోస్ట్ గార్డ్ ఊరికే వెతుకుతుంది, కాబట్టి లంగరు పడ్డాక ముందు ఆ ఫోన్, తర్వాతే కాఫీ.