చిన్న దేశానికి ఫుట్‌బాల్ జట్టును తయారు చేయడం ఎలా? (తొందరున్నవాళ్లకు కాదు)

ఈ పని మీద నన్ను పిలిచిన ప్రతి అసోసియేషన్‌లోనూ మొదటి మీటింగ్ ఒకేలా మొదలవుతుంది. ఎవరో ఒక పెద్దాయన "వచ్చే వరల్డ్ కప్‌కి వెళ్లాలంటే ఏం చెయ్యాలండీ?" అంటారు. వచ్చే వరల్డ్ కప్‌కి మీరు వెళ్లరు. దాని తర్వాతదానికీ వెళ్లరు. ఇవాళ ఎనిమిదేళ్లున్న పిల్లలు మాత్రం, మీరు వాళ్లను పాడు చేయకుండా ఉంటే, ఏదో ఒక రోజు వెళ్లొచ్చు. ఈ మాట మింగుడు పడితేనే కింద చదవండి.

చిన్న దేశం అంటే నా లెక్కలో పది లక్షల లోపు జనాభా. ఉరుగ్వే, క్రొయేషియా లాంటివాళ్లకు ముప్పై, నలభై లక్షల జనం, దశాబ్దాల నాటి ఫుట్‌బాల్ ఉన్నాయి, వాళ్ల కథ వేరు. అయినా అవసరమైన చోట వాళ్ల దగ్గర్నుంచి కూడా ఒకటో రెండో ఎత్తుకొస్తాను.

1. ముందు తలలు లెక్కపెట్టండి

ఐస్‌లాండ్‌ను చూడండి. 2016 యూరోలో (యూరప్ దేశాల కప్) ఇంగ్లండ్‌ను 2-1తో ఇంటికి పంపించినప్పుడు వాళ్ల జనాభా దాదాపు 3,30,000. అక్కడ ఏడాదికి పుట్టేది సుమారు నాలుగున్నర వేల మంది, అందులో సగం మగపిల్లలు. ముగ్గురిలో ఒకడు బంతి తన్నుతాడనుకున్నా ఒక్కో ఏడాది బ్యాచ్‌కి ఏడెనిమిది వందల మంది. జాతీయ జట్టులో ఇరవై ఏళ్ల కుర్రాడి నుంచి ముప్పై రెండేళ్ల సీనియర్ దాకా ఉంటారు కాబట్టి ఒక్కో బ్యాచ్ నుంచి మీకు ఇద్దరు దొరకాలి. ఆ ఇద్దరిలో ఒకడు పదమూడేళ్లకే విసుగొచ్చి మానేశాడనుకోండి, పెద్ద దేశానికి వాడి వెనక ఇంకో ఇరవై మంది ఉంటారు. మీకు ఎవరూ ఉండరు.

అందుకే మొదటి పని రిజిస్టర్. దేశంలో ఆడే ప్రతి పిల్లాడి పేరు, పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఏ క్లబ్, ఎవరు కోచ్. ఇది బైండు పుస్తకంలోనే ఉండాలి. కంప్యూటర్‌లో పెట్టామంటారు, ఏడాది తర్వాత అడిగితే పాస్‌వర్డ్ తెలిసినాయన ఉద్యోగం మానేసి ఉంటాడు.

పిల్ల అని ఊరికే అనలేదు. ఐస్‌లాండ్ నుంచి ఒక పెద్ద టోర్నీకి మొదట వెళ్లిన సీనియర్ జట్టు అమ్మాయిలదే, 2009 యూరోకి. మగవాళ్లు వెళ్లింది ఏడేళ్ల తర్వాత. చిన్న దేశానికి అమ్మాయిల ఫుట్‌బాల్‌లో పైకి రావడం కొంచెం దగ్గరి దారి, అయినా ప్లాన్‌లో దాన్ని చివరి పేజీలో రాస్తారు.

2. గ్రౌండ్లు

దీని మీద ఎక్కువ చెప్పను. స్టేడియం కట్టకండి. బడుల పక్కన చిన్న చిన్న టర్ఫ్ గ్రౌండ్లు వేయండి, లైట్లు పెట్టండి, తాళం వేయకండి. వాతావరణం బాగోకపోతే పైకప్పు వేయండి. ఐస్‌లాండ్ వాళ్లు 2000 నుంచి పూర్తి సైజు ఇండోర్ హాళ్లు కట్టుకుంటూ పోయారు, అంతకుముందు చలికాలమంతా ఆట సరిగ్గా సాగేది కాదు. గడ్డి గ్రౌండ్ లేక ఫారో దీవుల వాళ్లు 1990లో తమ మొదటి యూరో క్వాలిఫయర్‌ని స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో ఆడుకుని, ఆస్ట్రియాను 1-0తో ఓడించారు. కాబట్టి గ్రౌండ్ లేదన్న వంక నా దగ్గర పనిచేయదు. డబ్బు కావాలంటే ఫిఫా ఫార్వర్డ్ పథకం ఉంది, సభ్య దేశాలన్నీ అడగొచ్చు. దాంతో ఆఫీసు భవనం మాత్రం కట్టొద్దు.

3. మంచి కోచ్‌ని చిన్న పిల్లల దగ్గర పెట్టండి

అందరూ దీన్ని తలకిందులు చేస్తారు. సీనియర్ జట్టుకు పేరున్న విదేశీ కోచ్, అండర్-8కి ఎవరో ఒకరి నాన్న. సరిగ్గా దీనికి ఉల్టా చేయండి. ఐస్‌లాండ్‌లో 2016 నాటికి దాదాపు 500 మంది జనానికి ఒక లైసెన్స్ ఉన్న కోచ్ ఉన్నాడని లెక్క, చిన్న పిల్లలకు నేర్పేవాళ్లకూ అక్కడ జీతం ఇస్తారు. జీతం ఇస్తేనే "నిన్న ప్రాక్టీసుకు ఎందుకు రాలేదు?" అని అడగగలరు.

పదేళ్ల లోపు పిల్లలకు నలుగురికి నలుగురు, అంతే. పదకొండు మందిని పెద్ద గ్రౌండ్‌లో వదిలితే బంతి తాకకుండానే అరగంట గడిచిపోయే పిల్లలుంటారు. పాయింట్ల పట్టిక వద్దు. నార్వేలో పదకొండేళ్ల లోపు పిల్లల ఆటలకు పట్టికలు పెట్టనివ్వరు, ఆ దేశానికి ఎర్లింగ్ హాలండ్ లాంటి స్టార్ రాకుండా ఏమీ ఆగిపోలేదు.

దేశమంతా ఒకే ఫార్మేషన్ (ఆటగాళ్లను వరుసల్లో నిలబెట్టే పద్ధతి) ఆడాలన్న పిచ్చి కూడా ఈ మెట్టు దగ్గరే పట్టుకుంటుంది. బెల్జియం 2000 తర్వాత అన్ని యూత్ జట్ల చేతా 4-3-3 (వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు) ఆడించింది, బాగా వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ బెల్జియం జనాభా కోటి దాటింది. వాళ్లు ఫార్మేషన్‌కి సరిపోయే వింగర్లను, అంటే అంచుల వెంట ఆడేవాళ్లను, వెతుక్కోగలరు. మీకు ఈ ఏడాది వింగర్లు పుట్టకపోతే ఏం చేస్తారు? చిన్న దేశపు సీనియర్ జట్టుకు 4-4-2, ఇందులో చర్చ లేదు.

4. పన్నెండు నుంచి పదహారేళ్ల మధ్య ఎవరినీ తీసేయకండి

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ప్లాన్లు చచ్చిపోయేది ఇక్కడే, ఎవరికీ తెలియకుండా చచ్చిపోతాయి, ఎందుకంటే వెళ్లిపోయిన పిల్లాడు గొడవ చేయడు. ఊరికే రావడం మానేస్తాడు.

ఒకసారి ఒక అండర్-15 క్యాంప్‌లో నా చేతికి జాబితా ఇచ్చారు. ఇరవై నాలుగు పేర్లు. "సార్, దేశంలో బెస్ట్ వీళ్లే" అన్నాడు కోచ్. నేను పెన్ను తీసి పేర్ల పక్కన పుట్టిన నెలలు మాత్రం రాసుకుంటూ పోయాను. జనవరి, ఫిబ్రవరి, జనవరి, మార్చి, జనవరి... కింద దాకా వచ్చేసరికి పదిహేను మంది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లే. అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు పుట్టినవాడు ఒక్కడే, వాడు ఆరడుగుల గోల్‌కీపర్. జాబితా తిప్పి కోచ్‌కి ఇచ్చి, మీ దేశంలో చలికాలం వస్తే పిల్లలు పుట్టడం మానేస్తారా అని అడిగాను. అతనికి కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది, కానీ అప్పటికి రెండు బ్యాచ్‌లు పోయాయి.

జరిగేది ఇదీ. వయసు విభాగానికి కటాఫ్ జనవరి 1. జనవరిలో పుట్టినవాడు, డిసెంబర్‌లో పుట్టినవాడు ఒకే బ్యాచ్. పదమూడేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఒక తల ఎత్తు తేడా ఉండొచ్చు. దానికి తోడు, పుట్టిన తేదీ ఒకటే అయినా ఒక్కో శరీరం ఒక్కో వేగంతో పెరుగుతుంది. మగపిల్లలు సగటున పద్నాలుగేళ్ల దగ్గర ఒక్కసారిగా ఎత్తు పెరుగుతారు, కానీ కొందరికి పన్నెండుకే మొదలవుతుంది, కొందరికి పదహారు దాకా రాదు. అంటే మీరు సెలక్షన్‌లో చూస్తున్నది ఆటను కాదు, ముందుగా వచ్చిన మీసాన్ని. మీసం ఇరవై ఏళ్లకు అందరికీ వస్తుంది.

క్రొయేషియా ఆటగాడు లూకా మోడ్రిచ్‌ను చిన్నప్పుడు అక్కడి క్లబ్ హైదుక్ స్ప్లిట్ వద్దంది. బక్కగా, పొట్టిగా ఉన్నాడని. తర్వాత అతను ప్రపంచంలోని మేటి ఆటగాళ్లలో ఒకడయ్యాడని నేను చెప్పక్కర్లేదు. "టాలెంట్ ఉన్నవాడు ఎలాగూ పైకొస్తాడు" అనేవాళ్లు మోడ్రిచ్‌నే ఉదాహరణ చూపిస్తారు. బయటికి పోయి తిరిగి రానివాళ్ల పేర్లు మనకు తెలియవు కదా, వాళ్లను ఎలా చూపిస్తారు?

మరి ఏం చెయ్యాలి. ఒకటి, సెలక్షన్ మ్యాచ్‌లో చొక్కా నంబర్లు వయసు వరుసలో ఇవ్వండి. అందరికన్నా పెద్దవాడికి 1, తర్వాతవాడికి 2, అలా. స్కౌట్లకు, అంటే ఆటగాళ్లను చూసి ఎంచేవాళ్లకు, ఆ సంగతి ముందే చెప్పండి. వట్టి పుట్టిన తేదీల కాగితం ఇస్తే చాలదు, నెదర్లాండ్స్‌లో పరీక్షించి చూశారు: కాగితం చేతిలో పెట్టుకుని కూడా స్కౌట్లు పెద్దవాళ్లనే ఎంచారు, నంబర్ వీపు మీద కనపడినప్పుడే ఆ పక్షపాతం పోయింది. పైసా ఖర్చు లేదు. అయినా చెయ్యరు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండోది, ప్రతి మూడు నెలలకోసారి ప్రతి పిల్లాడి ఎత్తు నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి కొలవండి, బరువు రాయండి. అదే టేపు, అదే బల్ల, వీలైతే అదే మనిషి. కాళ్లు ముందు పెరుగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది, ఈ మధ్యలో పిల్లాడికి తన కాళ్లు తనవి కానట్టు ఉంటుంది. నిన్నటిదాకా బంతిని బొంగరంలా తిప్పినవాడు ఇవాళ దాని మీదే కాలేసి పడతాడు. మోకాలి చిప్ప కింద నొప్పి, మడమ నొప్పి మొదలయ్యేదీ ఇప్పుడే. సరిగ్గా ఈ ఆరు నెలల్లోనే కోచ్ "వీడి ఫామ్ పోయింది" అని బెంచ్ మీద కూర్చోబెడతాడు. రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది, పోయింది ఫామ్ కాదు, మూడు నెలల్లో మూడు సెంటీమీటర్లు వచ్చాయి. పరుగు తగ్గించండి, దూకుళ్లు తగ్గించండి, ఆట ఆపకండి.

మూడు, రెండో జట్టు. బెల్జియం వాళ్లు ఆలస్యంగా ఎదిగే పిల్లలకు 'ఫ్యూచర్స్' అని విడిగా జాతీయ యూత్ జట్టు పెట్టారు. కోటి మంది ఉన్నవాళ్లకే అది అవసరమనిపించింది. మీరు దీన్ని అక్షరాలా కాపీ కొట్టండి. అదే క్యాంప్, అవే బూట్లు, అదే భోజనం. బి-టీమ్ అని మాత్రం పిలవకండి, పిలిచిన రోజు నుంచి అది బి-టీమే అవుతుంది.

ఇంకో జాగ్రత్త, దీన్ని అందరూ మర్చిపోతారు: ముందే ఎదిగిన పెద్ద పిల్లాడికి కూడా మీరు అన్యాయం చేస్తున్నారు. పదమూడేళ్లకు భుజంతో తోసి గోల్ కొట్టగలిగినవాడు తల పైకెత్తి చూడటం నేర్చుకోడు. పద్దెనిమిదికి అందరూ వాడంత అయ్యాక వాడి దగ్గర ఏమీ మిగలదు. వాడిని పై వయసు వాళ్లతో ఆడించండి, నెలకు రెండు మ్యాచ్‌లైనా, ఓడిపోనివ్వండి.

తల్లిదండ్రులు వచ్చి "మావాడు సెలెక్ట్ అయ్యాడా, లేదా?" అని అడుగుతారు. పదహారేళ్లలోపు ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండకూడదు. "రిజిస్టర్‌లో ఉన్నాడు, గురువారం ప్రాక్టీసుకి పంపండి" అంటే చాలు.

5. పదిహేడు నుంచి ఇరవై ఒకటి

మంచివాళ్లను బయటి లీగ్‌లకు పంపండి, అక్కడ బెంచ్ మీద కూర్చునే పెద్ద క్లబ్ కన్నా ప్రతి వారం ఆడే చిన్న క్లబ్ మేలు. మిగతావాళ్లను స్వదేశీ లీగ్‌లో పెద్దవాళ్లతో ఆడించండి. బ్యాచ్‌ను మాత్రం విడదీయకండి. 2011 అండర్-21 యూరోకి వెళ్లిన ఐస్‌లాండ్ కుర్రాళ్లు, గిల్ఫీ సిగుర్డ్‌సన్, ఆరాన్ గున్నార్సన్ లాంటివాళ్లే, ఐదేళ్ల తర్వాత సీనియర్ జట్టుకు వెన్నెముక అయ్యారు.

6. ఓడిపోయినప్పుడు ప్లాన్ ముట్టుకోకండి

2012లో ఐస్‌లాండ్ ఫిఫా ర్యాంక్ 131. ఆ రోజు ఎవరైనా భయపడి అంతా మార్చేసి ఉంటే వాళ్లకు 2018 వరల్డ్ కప్ ఉండేది కాదు, అక్కడ అర్జెంటీనాతో 1-1 డ్రా ఉండేది కాదు. స్వీడన్ నుంచి వచ్చిన లార్స్ లాగర్‌బాక్ కోచ్‌గా ఉండగానే అతని పక్కన హైమిర్ హల్‌గ్రిమ్సన్‌ను, స్వతహాగా పళ్ల డాక్టరును, పెట్టి తర్వాత పగ్గాలు అతనికే అప్పగించారు. ఉరుగ్వేలో కోచ్ టబారెజ్ 2006 నుంచి 2021 దాకా ఉన్నాడు, యూత్ జట్ల దగ్గర్నుంచి సీనియర్ జట్టు దాకా ఒకే పద్ధతి నడిపాడు.

సీనియర్ కోచ్‌ని మార్చాలనిపిస్తే మార్చుకోండి, దానికేం. టెక్నికల్ డైరెక్టర్‌ని, అంటే పిల్లల నుంచి సీనియర్ల దాకా ప్లాన్ మొత్తం చూసుకునేవాణ్ని, మార్చకండి. కాంట్రాక్ట్‌లు రెండూ ఒకే రోజు ముగిసేలా అసలు రాయకండి.

7. బయట పుట్టినవాళ్లు

ఇది దొడ్డిదారి అని నేనే చాలాకాలం వాదించాను. ఇప్పుడు వాదించలేను. దాదాపు 5,25,000 జనాభా ఉన్న ఆఫ్రికా ద్వీప దేశం కేప్ వెర్డే 2025 అక్టోబర్‌లో ఎస్వతినీని 3-0తో ఓడించి 2026 వరల్డ్ కప్‌కి అర్హత సాధించింది. నవంబర్‌లో జమైకాతో 0-0 డ్రా చేసుకుని కరీబియన్ ద్వీపం కురసావో కూడా వెళ్లింది, జనాభా లక్షన్నర పైచిలుకు, పురుషుల వరల్డ్ కప్‌కి అర్హత సాధించిన దేశాల్లో అన్నిటికన్నా చిన్నది. రెండు జట్లలోనూ విదేశాల్లో పుట్టిన ఆటగాళ్లు చాలామంది. డబ్లిన్‌లో పుట్టిన రాబర్టో లోపెస్‌కు కేప్ వెర్డే కోచ్ లింక్డ్‌ఇన్‌లో పోర్చుగీసులో మెసేజ్ పెడితే, అతను స్పామ్ అనుకుని వదిలేశాడు. కొన్ని నెలలకు ఇంగ్లీషులో మళ్లీ అడిగారు, అప్పుడు వచ్చాడు.

కాబట్టి వెతకండి, రెండోసారి కూడా అడగండి. వాళ్ల పేర్లూ అదే రిజిస్టర్‌లో రాయండి, పన్నెండేళ్ల వయసు నుంచే, ముప్పై ఏళ్లకు క్లబ్ దొరకనప్పుడు కాదు. కానీ వాళ్లతోనే పని అయిపోతుందని మెట్టు 3, మెట్టు 4 వదిలేస్తే, ఆ బ్యాచ్ రిటైర్ అయిన రోజు మళ్లీ నాకే ఫోన్ చేస్తారు.

ఐస్‌లాండ్‌కే అది తగిలింది. 2018 తర్వాత 2020, 2024 యూరోలకు ప్లేఆఫ్‌లో (అర్హత కోసం ఆడే ఆఖరి పోటీల్లో) ఆగిపోయింది, 2022, 2026 వరల్డ్ కప్‌లకు వెళ్లలేదు. ఒక బ్యాచ్ పండినప్పుడు వెనక బ్యాచ్‌ల మీద చూపు ఉండదు, అంతమంది బాగున్నప్పుడు ఎవరు లెక్కపెడతారు. అందుకే ఏటా జనవరి మొదటి వారంలో, జట్టు గెలుస్తున్నా ఓడుతున్నా, రిజిస్టర్ తీసి ఎనిమిదేళ్ల పిల్లల కొత్త పేజీ మొదలుపెట్టండి. ముందు డిసెంబర్‌లో పుట్టినవాళ్ల పేర్లు రాయండి.