ఆర్డరు కాగితం మీద అప్పు: తాడిపత్రి బండలను ఓడ ఎక్కించే ముందు

మా తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ నడిపే ప్రతి ఇంట్లోనూ ఒక అప్పుల పుస్తకం ఉంటుంది. గని యజమానికి బయానా, రంపం బ్లేళ్లు, కరెంటు బిల్లు, శనివారం కూలి. సరుకు డబ్బుగా మారేలోపు ఇవన్నీ చేతి నుంచి పెట్టాల్సిందే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. దేశంలోపల అమ్ముకునేవాడు ఆ వడ్డీ కట్టాడంటే అర్థం చేసుకోగలను. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆర్డరు చొక్కా జేబులో పెట్టుకుని అదే వడ్డీ వ్యాపారి ఇంటి ముందు నిలబడేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఈ మధ్య అలాంటి కుర్రవాళ్లు ముగ్గురు మా ఆఫీసుకు వచ్చారు. ముగ్గురికీ చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను.

నేను బీకాం చదివాను. పదిహేడేళ్లుగా మా మామగారి పాలిష్ ఫ్యాక్టరీ లెక్కలు చూస్తున్నాను. ప్యాకింగ్ క్రెడిట్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు చెక్క పెట్టెలు కొనడానికి ఇచ్చే అప్పు కాబోలు అనుకున్నాను. కాదు. రాయి కొనడం దగ్గర నుంచి ఓడరేవుకు చేర్చేదాకా అయ్యే మొత్తం ఖర్చుకు ఇచ్చే అప్పు అది. సరుకు ఓడ ఎక్కాక, కొన్నవాడు డబ్బు పంపేదాకా ఇచ్చే రెండో అప్పు ఇంకొకటి ఉంది. ఈ పద్ధతికి రిజర్వు బ్యాంకు 1967లో రూపం ఇచ్చింది. డబ్బు ఇచ్చేది మన ఊరి బ్యాంకు శాఖే. దాని వెనుక వడ్డీలో రాయితీ, బ్యాంకుకు నష్టభయం లేకుండా హామీ ప్రభుత్వం వైపు నుంచి వస్తాయి. కాబట్టి ‘ప్రభుత్వ లోను ఎక్కడ ఇస్తారు’ అని కలెక్టరాఫీసు చుట్టూ తిరగవద్దు.

ముందు కాగితాలు. ఇది తొందరగా ముగిస్తాను, ఎందుకంటే ఆడిటరుకు తెలిసిన పనే. ఎగుమతి చేయడానికి ఐఈసీ అనే కోడ్ ఉండాలి, మీ పాన్ నంబరే ఆ నంబరు అవుతుంది. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వెబ్‌సైటులో 500 రూపాయలు కట్టి తీసుకోవాలి. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య అందులోకి వెళ్లి వివరాలు సరిచూసి నిర్ధారించకపోతే అది పనిచేయకుండా పోతుంది. మా వీధిలోనే ఒకాయన కంటైనరు రేవులో ఉండగా ఈ సంగతి తెలుసుకున్నాడు. రాళ్లవాళ్లు ఎగుమతిదారుల మండలి అయిన క్యాపెక్సిల్‌లో సభ్యత్వం తీసుకోవాలి, పుట్లూరు అరటి రైతుల దగ్గర కొని పంపేవాళ్లయితే వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడాలో. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు, జీఎస్టీ, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఏడాదికోసారి ఇచ్చే ఎల్‌యూటీ పత్రం, రేవులో మీ బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ డబ్బు తీసుకునే శాఖ గుర్తింపు నంబరు) నమోదు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మేనేజరు ఫైలు తెరవరు.

అసలు పని ఆర్డరు చదవడంలో ఉంది. బ్యాంకు ఈ అప్పు మీ ముఖం చూసి ఇవ్వదు, ఆర్డరును చూసి ఇస్తుంది. ఫ్యాక్టరీ స్థలం తాకట్టు అడగవచ్చు, పాత లెక్కలూ అడగవచ్చు. కానీ అప్పు ఎంత, ఎన్నాళ్లకు అనేవి ఆర్డరే తేలుస్తుంది. అందులో కొనేవారి పేరు, చిరునామా, సరుకు, పరిమాణం, ధర, ఏ రేవు నుంచి ఏ తేదీలోపు పంపాలి, డబ్బు ఎలా చెల్లిస్తారు అన్నవి స్పష్టంగా ఉండాలి. వాట్సాప్‌లో ‘మూడు కంటైనర్లు పంపండి’ అని వచ్చిన సందేశం ఆర్డరు కాదు. సంతకం చేసిన కాగితం తెప్పించుకోండి.

నా మొదటి ఆర్డరు మూడు కంటైనర్ల నల్లబండలు, ఇరవై రెండు మిల్లీమీటర్ల మందం, ఇంగ్లండులోని ఫెలిక్స్‌టో రేవుకు. ధర సీఐఎఫ్, అంటే అక్కడి రేవుదాకా ఓడ కిరాయి, బీమా కలిపి. మొత్తానికి పద్దెనిమిది లక్షలు వచ్చింది. దానిమీద ఎంత ఇస్తారో ఇంట్లోనే లెక్కవేసుకుని వెళ్లాను. మేనేజరు గారు కాగితం తీసుకుని, నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఎర్ర కలంతో ఓడ కిరాయి కొట్టేశారు, బీమా కొట్టేశారు. కింద పదిహేను లక్షలు అని రాశారు. దానిమీద ఇరవై శాతం మార్జిన్, అంటే మనం పెట్టుకోవాల్సిన వాటా, తీసి పన్నెండు లక్షల దగ్గర గీత గీశారు. ‘అమ్మా, మేం మన రేవులో సరుకు విలువ చూస్తాం, వాళ్ల రేవులో కాదు’ అన్నారు. ఆ ఎఫ్‌ఓబీ విలువ (ఓడ కిరాయి, బీమా కలపనిది), మీకు సరుకు తయారీకి అయ్యే ఖర్చు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిమీదే అప్పు. మార్జిన్ బ్యాంకును బట్టి, మీ చరిత్రను బట్టి మారుతుంది. మిగతాది మీ చేతి నుంచి. ఇంటి నుంచి బయలుదేరే ముందే ఆ లెక్క వేసుకోండి.

వడ్డీ సంగతి. ఆ పన్నెండు లక్షలను తొమ్మిది శాతం చొప్పున తొంభై రోజులు వాడుకుంటే సుమారు 26,600 రూపాయలు. నెలకు రెండు రూపాయల వడ్డీకి అయితే అదే మూడు నెలలకు 72,000. దీని మీద ప్రభుత్వ రాయితీ అదనం. 2015 ఏప్రిల్ నుంచి 2024 డిసెంబరు 31 దాకా వడ్డీ సమానీకరణ పథకం ఉండేది. చివరి ఏళ్లలో మాలాంటి చిన్న తయారీదారులకు మూడు శాతం తగ్గేది. మా పన్నెండు లక్షల మీద అది దాదాపు 8,900 రూపాయలు. మిగిలిన లాభమే కంటైనరుకు పదీపదిహేను వేలుగా ఉండే వ్యాపారంలో అది చిన్న మొత్తం కాదు. ఆ పథకం ముగిశాక 2025 నవంబరులో కేంద్రం 25,060 కోట్ల రూపాయలతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. వడ్డీ రాయితీ ఇప్పుడు దాని కింద ఉంది. ఇలాంటి రాయితీలు సరుకు కోడ్ జాబితాను బట్టి వస్తాయి. బండల్లో ఇది తిరకాసు వ్యవహారం: కేవలం కోసిన రాయి కస్టమ్స్ కోడ్ పుస్తకం 25వ అధ్యాయంలో, పాలిష్ పట్టింది 68వ అధ్యాయంలో పడతాయి. మీ సరుకు కోడ్ ఏమిటో ఆడిటరుతో తేల్చుకుని, ఆ కోడ్‌కు ఈ త్రైమాసికంలో రాయితీ ఉందా అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. రెండో ఆర్డరుకు డబ్బు ఖాతాలో పడిన వారంలోనే మా పాలిష్ మిషను మోటారు కాలిపోయింది. ఎలాగూ అదే ఫ్యాక్టరీ కదా అనుకుని ఆర్డరు డబ్బులోంచి లక్షా ఎనభై వేలు తీసి కొత్త మోటారు బిగించాను. గని యజమానికి బాకీ పడ్డాను. ఆయన మా బ్లాకులు పక్కవాళ్లకు ఇచ్చేశాడు. రాయి ఆలస్యం, పాలిష్ ఆలస్యం, ఓడ తప్పింది, కొనుగోలుదారు ఆర్డరు రద్దు చేశాడు. ప్యాకింగ్ క్రెడిట్ సరుకు ఎగుమతై వచ్చిన డబ్బుతోనే తీరాలి. ఎగుమతే జరగకపోతే అది ఎగుమతి అప్పు అనిపించుకోదు. బ్యాంకు మొదటి రోజు నుంచీ మామూలు వడ్డీ వేసింది, రాయితీ వెనక్కి తీసుకుంది. మోటారుకు వాయిదాల్లో తీర్చే వేరే టర్మ్ లోను అడిగి ఉంటే సరిపోయేది. మా మామగారు ఒక్క మాట కూడా అనలేదు. ఆఫీసు గోడకు ఉన్న మేకు చూపించి ‘ఇకనుంచి ప్రతి ఆర్డరూ ఇక్కడ గుచ్చు, దాని డబ్బుతో కొన్న ప్రతి చీటీ దాని కిందే గుచ్చు’ అన్నారు. ఇప్పటికీ అలాగే చేస్తున్నాం. బ్యాంకువాళ్లు సరుకు చూడడానికి వచ్చినప్పుడు కంప్యూటర్‌లో వెతకకుండా ఆ మేకు దగ్గరికే తీసుకెళ్తాను.

గడువు సాధారణంగా 180 రోజులు ఇస్తారు. సరైన కారణం ఉంటే పెంచుతారు, మామూలు నిబంధనలో 360 రోజులు దాటితే రాయితీ ఉండదు. బండలకు 180 రోజులు చాలు. క్వారీలో వానాకాలం నీళ్లు నిలిస్తే అప్పుడు ఆలోచించాలి.

కంటైనరు కదిలాక ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్, చేతికి వస్తుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ జాబితా, సరుకు ఏ దేశానిదో చెప్పే పుట్టుక ధ్రువపత్రం, చెక్క పెట్టెలకు పొగ పట్టించిన ధ్రువపత్రం కలిపి 21 రోజుల్లోపు బ్యాంకుకు ఇవ్వాలి. పెట్టెల మీద గోధుమ కంకి గుర్తున్న ముద్ర ఉందో లేదో మీ కళ్లతో చూడండి, అది లేకపోతే అక్కడి రేవులో ఆపేస్తారు. కాగితాలు అందాక బ్యాంకు ఆ బిల్లును కొంటుంది లేదా డిస్కౌంటు చేస్తుంది, అంటే వడ్డీ పట్టుకుని డబ్బు ముందే ఇస్తుంది. ఆ డబ్బుతో మొదటి అప్పు మూసుకుపోతుంది. ఇప్పుడు మీ తల మీద ఉన్నది రెండో అప్పు. కొన్నవాడు గడువుకు కట్టకపోతే కొన్నాళ్లు చూసి, ఆ డాలరు బాకీని అప్పటి మారకం రేటుకు రూపాయల్లోకి మార్చి మీ ఖాతా నుంచి లాగేస్తారు. ఆ రోజు డాలరు ఎంత ఉంటే అంత.

అందుకే ఈసీజీసీ. ఎగుమతుల నష్టభయానికి బీమా ఇచ్చే ఈ ప్రభుత్వ సంస్థ 1957లో పుట్టింది. మాకు దగ్గరలో బెంగళూరు శాఖకు వెళ్తాం. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. బ్యాంకు తీసుకునే ఈసీజీసీ హామీ వేరు, మీరు తీసుకునే పాలసీ వేరు. మొదటిది బ్యాంకు నష్టపోకుండా కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. బ్యాంకుకు ఈసీజీసీ డబ్బు ఇచ్చినా మీ బాకీ మీదే, వసూలు ఆగదు. మీ పాలసీ మీరే తీసుకోవాలి. ఓడ ఎక్కించకముందే కొనేవాడి పేరు మీద పరపతి పరిమితి అడగాలి. వాడి పరిస్థితి వాళ్లు విచారించి ఎంతవరకు భరిస్తారో చెబుతారు. ఆ విచారణ ఒక్కదానికోసమే ప్రీమియం కట్టినా దండగ కాదని నా అభిప్రాయం. కొన్నవాడు దివాలా తీసినా, డబ్బు ఎగ్గొట్టినా, వాళ్ల దేశంలో యుద్ధం వచ్చి డబ్బు రాకపోయినా నష్టంలో సాధారణంగా 80 నుంచి 90 శాతం ఇస్తారు. ప్రతి నెలా పంపిన సరుకు వివరం, గడువు దాటిన బిల్లుల వివరం చెప్పాలి. చెప్పకుండా దాచి, ఏడాది తర్వాత ఏడిస్తే వినరు.

ఈ బీమా కాపాడని ఒక పెద్ద కిటికీ మాత్రం తెరిచే ఉంది: నాణ్యత తగాదా. మన నల్లబండ ఎండకూ వానకూ నల్లగానే ఉండిపోదు, ఏళ్లు గడిస్తే బూడిద రంగు తిరుగుతుంది. మా గుమ్మం ముందున్న బండలు చూస్తే చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఇంగ్లండులో మా బండలు తోటల్లో పరిచినవాళ్లకు ఒక వేసవి తర్వాత తెలిసింది. కొనుగోలుదారు ‘రంగు పోయింది, సరుకు బాగాలేదు’ అని తరువాతి కంటైనరు డబ్బు ఆపేశాడు. ఈసీజీసీకి రాశాను. కొన్నవాడు నాణ్యత మీద పేచీ పెడితే, వాళ్ల దేశపు కోర్టులో మనకు అనుకూలంగా తీర్పు తెచ్చుకుంటే తప్ప క్లెయిము నడవదని జవాబు వచ్చింది. తాడిపత్రి నుంచి ఇంగ్లండు కోర్టుకా! పద్దెనిమిది శాతం తగ్గించి రాజీ పడ్డాను. ఆ రోజు నుంచి మా ఒప్పందంలో రెండు వాక్యాలు ఉంటాయి: ఈ రాయి బయట పరిస్తే కాలక్రమేణా రంగు తేలికపడడం దాని సహజ గుణం, నమూనా చూసి అంగీకరించాను. దాని కింద కొనుగోలుదారు సంతకం ఉంటుంది. అరటి పంపేవాళ్లకు ఇంకా కష్టం. పండు దారిలో మాగిపోతే అది సరుకు స్వభావం కిందికే పోతుంది.

ఎగుమతి దిగుమతుల బ్యాంకు, అంటే ఎగ్జిమ్ బ్యాంకు గురించి అడుగుతారు కాబట్టి నాలుగు మాటలు. 1981 చట్టంతో ఏర్పడి 1982లో పని మొదలుపెట్టింది. దాని పేరు పొందిన పని మనకు అప్పు ఇవ్వడం కాదు, విదేశీ ప్రభుత్వాలకు అప్పు ఇచ్చి మన దేశం సరుకు కొనిపించడం. అలాంటి అప్పులో సాధారణంగా కనీసం 75 శాతం సరుకు, సేవలు మన దేశం నుంచే తీసుకోవాలి. సరుకు పంపిన మన కంపెనీకి ఎగ్జిమ్ బ్యాంకే డబ్బు చెల్లిస్తుంది. పంపుసెట్లు, రైలు పెట్టెలు, విద్యుత్తు లైన్లు అమ్మేవాళ్లకు అది పెద్ద వరం. మూడు కంటైనర్ల బండలకు ఆ తలుపు తట్టవద్దు.

మీ పేరు మీద ఆర్డరు లేదు, చెన్నైలోని ఎగుమతిదారుకు బండలు చేసి ఇస్తున్నారు అనుకోండి. అప్పుడు కూడా దారి ఉంది. ఆయన ఆ సరుకు మీద ప్యాకింగ్ క్రెడిట్ తీసుకోనని రాసి ఇస్తే, ఆ భాగానికి మీ బ్యాంకులో మీరు తీసుకోవచ్చు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు చిన్న యూనిట్లకు ఇది బాగా పనికొస్తుంది. ఎవరూ అడగరు, అడిగితే ఆ పెద్దమనిషికి కోపం వస్తుందేమోనని భయం. ఆయన వడ్డీ ఆయన తగ్గించుకుంటున్నప్పుడు మీ వడ్డీ మీరు ఎందుకు తగ్గించుకోకూడదు?

డబ్బు వచ్చి రెండో అప్పు కూడా తీరాక పని అయిపోయిందనుకుని చాలామంది లేచిపోతారు. రిజర్వు బ్యాంకు లెక్కల్లో ఆ షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్ దగ్గర వేసిన ఎగుమతి పత్రం) ఇంకా తెరిచే ఉంటుంది. డబ్బు రావడానికి ఉన్న తొమ్మిది నెలల గడువును 2025 నవంబరులో పదిహేను నెలలకు పెంచారు కానీ, వచ్చిన డబ్బును ఆ బిల్లుతో జత చేయించే పని మీదే. కొనుగోలుదారు బ్యాంకు చార్జీలు పట్టుకుని నలభై డాలర్లు తక్కువ పంపినా ఆ నలభై కోసం బిల్లు మూసుకోదు. శాఖకు లేఖ రాసి తేడా ఎందుకొచ్చిందో చెప్పి మూయించండి. తరువాత విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ సైటు నుంచి, డబ్బు అందిందని చెప్పే ధ్రువపత్రం ఈ-బీఆర్‌సీ తీసి ముద్రించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా మా మామగారు గోడ మేకు నుంచి ఆర్డరు తీయనివ్వరు. ప్రస్తుతం దానికి రెండు వేలాడుతున్నాయి. ఒకటి ఫెలిక్స్‌టోది, ఇంకొకటి ఆ నలభై డాలర్లది.